టమాట మొక్కలకు చీరల నీడ కట్టిన మా యాకన్న

నిన్న మధ్యాహ్నం వదిన ఫోన్.

"మీ అన్న లేస్తలేడు" అంది. అంతే. వెనక ఎవరో నీళ్లు, నీళ్లు అని అరుస్తున్నారు.

నేను జనగామ నుంచి దంతాలపల్లి చేరేసరికి అన్నను దవాఖాన నుంచి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. వడదెబ్బ అన్నారు.

ఇంకా నమ్మలేకపోతున్నా.

యాకయ్య మా పెదనాన్న కొడుకు. కూరగాయల రైతు. మన చుట్టాల్లో చాలామంది ఇళ్లకు ఆయన కూరగాయల సంచి రాని పండగ లేదు.

పోయిన వానాకాలం వాగు పొంగి బీర పందిరి మొత్తం కొట్టుకుపోయింది. అప్పుడు కూడా బురదలో నిలబడి నవ్వాడు. "వాగుకు బీరకాయ కూర తినబుద్ధి అయినట్టుంది చెల్లె" అన్నాడు.

అలాంటి మనిషి ఈ ఎండాకాలం మా ఇంటికొచ్చి అడిగాడు.

"పాత చీరలున్నయా చెల్లె?"

"ఎవరికన్నా?"

"టమాటకు."

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు.

చీరలు తీసుకుని నేనూ వెళ్లాను. కర్రలు పాతి, మొక్కల మీద వరసగా చీరలు కట్టాడు. దూరం నుంచి జాతరలా ఉంది.

దగ్గరికి వెళ్లి చూశాను. పసుపు పూలన్నీ నేల మీదే. అన్న ఒక కొమ్మను వేలితో తాకాడు. మిగిలినవి కూడా రాలాయి. ఎక్కడా ఒక్క పిందె లేదు.

"రోగం లేదు, పురుగు లేదు. గీ ఎండకు పూత నిలుస్తలేదు. వాన ఎప్పుడొస్తదో, వస్తే ఎంత కొడ్తదో తెల్వదు. నాకు భయమైతంది చెల్లె."

అన్న నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

నిన్న గాలికి చీరలు ఊడిపోయాయట. మండుటెండలో మళ్లీ కట్టడానికి బయల్దేరాడు.

"జర పొద్దు వాలినంక పో" అందట వదిన.

"అప్పటిదాక మొక్క ఆగదే" అని తువ్వాల చుట్టుకుని వెళ్లాడు.

ఎంతకీ రాకపోతే వదినే వెతుక్కుంటూ వెళ్లింది. మొక్కల మధ్య పడి ఉన్నాడు.

ఈ పొద్దున అంత్యక్రియలు అయ్యాయి. అన్న సొంత తమ్ముడు సమ్మయ్యది భూపాలపల్లి పక్కన వంకాయ తోట. స్నానం కాగానే చెప్పులు వేసుకున్నాడు.

"ఇయ్యాల్నన్న ఉండు తమ్మీ" అన్నాను.

"నీళ్లు పెట్టకుంటే తోట పోతదక్కా" అని తల దించుకున్నాడు. బండి ఎక్కే ముందు ఒకసారి ఆకాశం వైపు చూశాడు. ఆ ముఖం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది.

మా ఆయన కూడా అప్పుడే జనగామ వెళ్లిపోయాడు, మా సొర తోటకు.

నిజం చెప్తున్నా, నాకు ఏడుపు కంటే భయం ఎక్కువగా ఉంది.

ఇందాక మా ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మళ్లీ చేశాను. ఎత్తలేదు.

మూడోసారి చేశాను.

చివరికి ఎత్తాడు. "ఏమైంది? మోటర్ కాడ ఉన్న."

"ఇంటికి పో" అన్నాను.

"గీ ఒక్క మడి తడిపి పోత" అన్నాడు.

ఇది చదివేవాళ్లు, ఎండలో ఉన్న మీవాళ్లకు ఒక్క ఫోన్ చేయండి. ప్లీజ్.

యాకన్నా, పోయి రా. ఇక మబ్బుల వైపు చూసి దిగులుపడే పని లేదు నీకు. ఎక్కడున్నా చల్లగా, నిమ్మళంగా ఉండు.