ఎర్రలైటు వెలగలేదు

నాకు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికిన కొత్తలో జరిగిందిది. మా నాన్న ఫిల్మ్ నగర్ రికార్డింగ్ థియేటర్లలో గిటార్ వాయించేవారు. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయాక మాట్లాడటమే తగ్గించేశారు. సంగీతం వింటే కాస్త తేరుకుంటారని ఆశపడి, ఆయన పుట్టినరోజున తోటి గిటారిస్టు రాజన్న కాకను యూసుఫ్‌గూడలోని మా ఇంటికి పిలిచాను.

కాక మా నాన్న ఎలక్ట్రిక్ గిటార్‌ను మెడకు తగిలించుకున్నాడు. నేను గిటార్ శబ్దాన్ని పెంచే, లోపల గాజు వాల్వులుండే పాత ఆంప్లిఫయర్ మీది దుప్పటి తీసి స్విచ్ వేశాను. ఎర్రలైటు వెలగలేదు. అదే ప్లగ్గులో టేబుల్ ఫ్యాన్ పెడితే గిర్రున తిరిగింది. వైరు మార్చినా లాభం లేదు. పుట్టినరోజుకు వచ్చిన చుట్టాలంతా చూస్తున్నారు. చివరికి వెనకవైపు ఫ్యూజు మూత విప్పి చూస్తే లోపల ఖాళీ!

“దీన్ల ఫ్యూజు ఎవరు తీసిండ్రు?” అని అరిచాను.

నాన్న కుడిచేత్తో కళ్లజోడు డబ్బా తెరిచారు. అందులో చిన్న గాజు ఫ్యూజు ఉంది.

“నేనే తీసిన బిడ్డా. వాల్వులు వేడెక్కితే జుమ్మని సప్పుడొస్తది. అది ఇంటే చెయ్యి గిటార్ మీదికి పోవాలె. పోతలేదు. మీరు లేనప్పుడు శానాసార్లు చూసిన.”

కాక గిటార్ తీసి మంచం మీద పెట్టాడు. నేను ఆంప్లిఫయర్ మీద మళ్లీ దుప్పటి కప్పాను.

నాన్న పోయి చాలా కాలమైంది. ఫ్యూజు ఇంకా ఆ కళ్లజోడు డబ్బాలోనే ఉంది. ఆగిపోయిన ప్రోగ్రాములను మళ్లీ నడిపించడమే నా ఉద్యోగం. ఆ ఫ్యూజును మాత్రం నేను ముట్టుకోలేదు.