పందొమ్మిదో ఆప్షన్

ఈ ఆషాఢంలో, ఒక మంగళవారం పొద్దున, నా భార్య ఆసుపత్రిలో చనిపోయింది. తెలిసినవాళ్లకు ఫోన్‌లో రెండు వాక్యాలు పంపాను. ఓదార్పు మాటల తర్వాత చాలామంది ఒకటే అడిగారు: పాప ఆప్షన్లు పెట్టిందా? పాప మా ఒక్కతే కూతురు. ఇంజనీరింగ్ సీటుకు కాలేజీలు, బ్రాంచీలు వరసగా ఎంచుకుని పెట్టాల్సిన వారం అది. శుక్రవారం సాయంత్రం అయిదుకు గడువు. ఆ ప్రశ్న నన్ను నొప్పించలేదు. ఆమె ఉంటే ముందు అదే అడిగేది.

తిరుమలగిరిలో ఒక ఇంటర్ కాలేజీ ఆఫీసులో పనిచేసింది ఆమె. సర్టిఫికెట్లు ఇచ్చే కిటికీ వెనక కుర్చీ. ర్యాంకులు రాగానే ఆ కిటికీ ముందు నిలబడే జనమే నేరేడ్‌మెట్‌లోని మా ఇంటికి వచ్చేవారు. ఇది చదువుతున్నవారిలో కొందరు మా సోఫాలో కూర్చున్నవారే. ఆమె మాత్రం కూర్చునేది కాదు. ఒక కాలేజీ పేరు రాసి, పొయ్యి మీది పాలు చూసి వచ్చి, ఇంకోటి రాసేది. పాత క్యాలెండర్ కాగితం వెనక, పెన్సిల్‌తో. పిల్లల మనసు మారుతుందని పెన్ను ముట్టేది కాదు.

జాబితా మధ్యలో ఒక అడ్డగీత. పైన కోరుకున్నవి, కింద తప్పక దొరికేవి. సివిల్, మైనింగ్, మెటలర్జీ కిందికి వచ్చేవి. వాటిని ఆమె చిన్నచూపు చూడలేదు. మంచి కాలేజీలో చేరడానికి అదీ ఒక దారే అనేది. "రష్ లేని కౌంటర్ల ఇచ్చేది సుత అదే రైలు టికెట్" అని చెప్పేది. కానీ గీత కింద ఏ బ్రాంచి రాసే ముందైనా, దీన్ని నాలుగేళ్లు చదువుతావా అని పిల్లలనే అడిగేది. తల్లిదండ్రులు జవాబు చెబితే రాసేది కాదు.

ఆ ప్రశ్న ఆమె తన బతుకులోంచి తెచ్చుకున్నది. డిగ్రీలో ఆమె కోరుకున్నది కెమిస్ట్రీ. సీట్లు నిండిపోయాయి. జియాలజీలో ఖాళీలు ఉండబట్టి ఆ కాలేజీలో చోటు దొరికింది. ఇష్టపడే చేరావా అని పెళ్లయిన కొత్తలో అడిగాను. "లేదు. రెండో ఏడు నుంచి ఇష్టపడ్డ" అంది. బస్సులో ఎటు వెళ్తున్నా కిటికీలోంచి బండలు చూపించేది. మా ఇంటి వెనక గుట్టను కొట్టడం మొదలుపెట్టిన రోజు అన్నం సగంలో వదిలి లేచింది. అక్కడి నుంచి తెచ్చుకున్న రాయి, గులాబీ చారలున్న పిడికెడు గ్రానైటు, ఇప్పటికీ మా కిటికీలో ఉంది. ఆప్షన్ల కాగితాలు ఎగిరిపోకుండా దాన్నే పెట్టేది.

రెండేళ్ల కిందట రెజిమెంటల్ బజార్ నుంచి ఒకతను కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అతను నా భార్య జాకెట్లు కుట్టే టైలర్. పిల్లకు కంప్యూటర్స్ కావాలి. తండ్రికి భయం. సివిల్ ఎలాగూ వస్తుంది, దాన్నే మొదట రాయండి మేడమ్ అన్నాడు.

"మొదట రాస్తే అదే ఇస్తరు భాయ్. మిషన్ పైనుంచి చదువుకుంట వస్తది. నీ ర్యాంకుకు ఏది దొరుకుతే ఆడనే ఆగుతది. కిందికి చూడనే చూడది."

"మరి పైవి రాక, సివిల్ సుత పోతే?"

"ఎట్ల పోతది? కింద రాసినా ర్యాంకు నీ బిడ్డదే కద. నువ్వు గుడ్డ ముందే పొట్టిగ కత్తిరిస్తవా? కత్తిరిస్తే మళ్ల పొడుగైతదా?"

అతను నవ్వాడు. సివిల్ ఏడో చోటికి దిగింది. పిల్లకు నాలుగో ఆప్షన్‌లో కంప్యూటర్స్ వచ్చింది.

మా పాప జాబితా ఆసుపత్రి మంచం మీద తయారైంది. పెన్సిల్ నేను చెక్కి ఇస్తే ఆమె రాసింది. మొదటి ఆప్షన్ ఒక మంచి కాలేజీలో ఎలక్ట్రానిక్స్. పద్దెనిమిది దాకా ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ సీట్లే. తర్వాత అడ్డగీత వంకరగా వచ్చింది. చెరిపి మళ్లీ గీసింది. పందొమ్మిది, మొదట రాసిన కాలేజీలోనే మైనింగ్. పాప ర్యాంకుకు అది ఖాయం. చదువుతావా అని అడిగింది. పాప ఒక రోజంతా ఆలోచించి, చదువుతా అంది. అప్పుడే రాసింది.

శుక్రవారం ఇంటి నిండా చుట్టాలు. నువ్వే పెట్టు నాన్నా అని పాప గోడవైపు తిరిగి పడుకుంది. లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. లేచాను. వరండాలోకి వెళ్లి వచ్చాను. మూడు వారాలుగా డాక్టర్లు చెప్పిన ప్రతి మాటా 'చూద్దాం' అనే ముగిసింది. ఇంకొక 'చూద్దాం' నా వల్ల కాలేదు. మైనింగ్‌ను అన్నిటికంటే పైన పెట్టి సేవ్ చేశాను. తెలియక చేసింది కాదు. ఏళ్ల తరబడి ఆ హాల్లో ఆమె మాటలు విన్నవాణ్ణి.

నాలుగింటికి టైలర్ వచ్చాడు. ఆమె కుట్టమని ఇచ్చిన రెండు జాకెట్లు సంచిలో తెచ్చాడు. ఎవరికివ్వాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి, బిడ్డ ఆప్షన్లు అయినయా సార్ అన్నాడు. అయ్యాయన్నాను.

"పైన ఏం పెట్టిండ్రు?"

"మైనింగ్."

"మేడమ్ గిట్లనే రాసిన్రా?"

తల తిప్పాను. గది గుమ్మంలో పాప నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో.

"పొట్టిగ కత్తిరిచ్చిండ్రు సార్" అన్నాడతను మెల్లగా. "జెర టైమున్నది కద, మార్చొచ్చు."

పాప రాయి కింది నుంచి కాగితం తీసి నా చేతికిచ్చి, లాప్‌టాప్ ముందు కూర్చుంది. నేను చదివాను, పాప ఎక్కించింది. టైలర్ గోడ గడియారాన్ని చూస్తూ నిలబడ్డాడు. అయిదుకు పది నిమిషాలుండగా అయిపోయింది. అతను సంచి పాపకిచ్చి వెళ్లాడు.

తర్వాతి వారం సీటు వచ్చింది. మైనింగ్. పందొమ్మిదో ఆప్షన్. నేను మొదట పెట్టిందే. పాప ముఖం చూశాను.

"పద్దెనిమిది అడిగినం కద నాన్నా. లేవన్నరు. ఇగ నాకు పరేషాన్ లేదు" అంది.

నాకు ఉంది. ఆమెకు జబ్బు చేసినప్పుడు, దగ్గరుందనీ మంచం దొరికిందనీ మొదటి ఆసుపత్రిలోనే ఆగిపోయాం. ఇంకెక్కడా అడగలేదు.

పాప వాళ్లమ్మ పెన్సిల్‌తోనే పందొమ్మిది పక్కన టిక్కు పెట్టి, కాగితాన్ని మళ్లీ రాయి కింద ఉంచింది. ఫ్యాన్ వేస్తే దాని అంచు లేస్తుంది. వెళ్లి రాయి జరిపి వస్తాను. కూర్చోగానే ఇంకో అంచు లేస్తుంది.