జక్కయ్య మెత్తతోలు బూట్లు

జక్కయ్య లారీలకు రంగులు వేసేవాడు. ఆటోనగర్‌లో మాణిక్యంగారి షెడ్డులో బాడీ కట్టిన ప్రతి లారీ చివరికి అతని చేతికే వచ్చేది. తలుపు మీద తామరపువ్వు, వెనక చెక్క మీద దూడను నాకుతున్న ఆవు, క్యాబిన్ నుదుట యజమాని పిల్లల పేర్లు, అన్నీ అతను వేయాల్సిందే. మనిషి పొట్టి. నిచ్చెన ఎక్కందే లారీ నుదురు అందేది కాదు. పాదాలు ఇంకా చిన్నవి. పనిలో చెప్పులు వేసుకునే అలవాటు లేదు కాబట్టి ఆకుపచ్చా ఎరుపూ చుక్కలన్నీ ఆ పాదాల మీదే పడేవి. సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో వాటిని తుడుచుకుని, హవాయి చెప్పులు తొడుక్కుని పటమటలో మా వీధికి నడిచి వచ్చేవాడు.

డెబ్భై నాలుగు వేసవిలో మద్రాసు నుంచి ఒక కంపెనీ ఇంజనీరు ఏదో లారీ ఇంజను చూడటానికి షెడ్డుకు వచ్చాడు. ఆ సమయానికి జక్కయ్య నిచ్చెన మీద నిలబడి ఆవు కన్ను దిద్దుతున్నాడు. కుంచె తుడుచుకోవడానికి తల వంచినప్పుడు ఇంజనీరు కాళ్ళు కనిపించాయి. చీలమండ దాకా వచ్చే పొట్టి బూట్లు. సన్నటి లేసులు, అడుగున తేనెరంగు రబ్బరు. ఎక్కడా నిగనిగ లేదు. ఏరు ఇంకిన రోజుల్లో బ్యారేజీ కింద తేలే ఇసుక ఏ రంగులో ఉంటుందో అచ్చం ఆ రంగు.

జక్కయ్య నిచ్చెన దిగాడు.

"సార్, అది గుడ్డాండీ, తోలాండీ?"

"తోలేనయ్యా. లోపలివైపు పైకి తిప్పి కుడతారు. స్వేడ్ అంటారు దీన్ని. పట్టుకు చూడు, ఏం ఫర్వాలేదు."

జక్కయ్య చొక్కాకు వేలు తుడుచుకుని, వంగి, బూటు మీద ఒక గీత గీశాడు. గీసిన మేర రంగు ముదిరింది. వెనక్కి గీస్తే మళ్ళీ లేతగా మారింది. ఒకే వస్తువులో రెండు రంగులు! ఇరవై ఏళ్ళుగా రంగులు కలుపుతున్నవాడికి అలాంటి తమాషా ఎప్పుడూ తగల్లేదు.

"జక్కయ్యా, ఆవు ఒంటికన్నుతో నిలబడింది. ఆ బూట్లు తర్వాత నిమురుదువు గానీ, ముందు రెండో కన్ను పెట్టు" అని మాణిక్యంగారు కేకేశారు. అందరూ నవ్వారు. జక్కయ్య కూడా నవ్వి నిచ్చెనెక్కాడు గానీ, ఆ రెండో కన్ను కాస్త ఇసుకరంగులోకి తిరిగిందని తర్వాత తనే చెప్పుకునేవాడు.

ఆ ఆదివారం పూజ అయ్యాక భార్య అమలమ్మను ఇంటికి పంపించి, తను బీసెంట్ రోడ్డుకు వెళ్ళాడు. మొదటి షాపువాడు స్వేడంటే ఏ కంపెనీ అని అడిగాడు. రెండో చోట పోలీసు బూట్లు చూపించారు. చివరికి గవర్నరుపేట సందులో వెంకటకృష్ణారావుగారి కొట్లో, ఆయన కాసేపు ఆలోచించి, స్టూలు ఎక్కి, అటక మీద నుంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి దించారు.

"ఎప్పుడో శాంపిలుకి పంపారండీ. అయిదో నంబరు. ఇంత చిన్న కాలు మగాళ్ళకెక్కడుంటుందని పైన పడేశాను. మీకు కాకపోతే ఇంకెవరికీ కావివి."

జక్కయ్య బూట్లు తొడుక్కుని లేచి నిలబడ్డాడు. కొలత తీసి కుట్టినట్టు సరిపోయాయి. కొట్టు ఆ చివరి దాకా నడిచి వచ్చాడు. చప్పుడే లేదు. రబ్బరు అడుగు వల్ల కాస్త ఎత్తు కూడా పెరిగినట్టనిపించింది. అద్దంలో కాళ్ళ వరకే చూసుకుంటూ ఉండిపోయాడు.

"తడపకూడదండీ" అన్నారు వెంకటకృష్ణారావుగారు. "పాలిష్ అసలే పెట్టకూడదు. బ్రష్షుతో ఒకే వైపుకి దువ్వాలి. అంతే."

"దువ్వాలాండీ?"

"దువ్వాలండీ. గుర్రాన్ని దువ్వినట్టు."

వాటికి ఎంత పోశాడో అమలమ్మకు చెప్పలేదు. ఆమె మూడుసార్లు అడిగి ఊరుకుంది.

అప్పుడు ఊరంతా బెల్‌బాటం ప్యాంట్ల మోజులో ఉంది. జక్కయ్యకున్న ఒకే ఒక్క మంచి ప్యాంటూ అదే. వేసుకుంటే బూట్లు ముక్కు దాకా కనబడకుండా పోయేవి. దాంతో అతను ప్యాంటు అంచులు పైకి మడవడం మొదలుపెట్టాడు.

"కుర్రాళ్ళంతా వీధులూడ్చే ప్యాంట్లు కుట్టించుకుంటుంటే నువ్వేంటయ్యా, వరిచేలోకి దిగేవాడిలా పైకి మడుస్తున్నావు?" అంది అమలమ్మ.

"బూట్లకి గాలి తగలాలిగా."

"కాలికి తగలాలని వింటాం గానీ, బూట్లకి గాలేంటి?"

వీధిలో ఒకరు వాటిని ముఖమల్ బూట్లన్నారు, ఇంకొకరు దుప్పితోలన్నారు. మా అమ్మ అయితే, "జక్కయ్యా, ఎలకపిల్లల్ని తొడుక్కున్నట్టున్నావు" అంది. అతను అన్నింటికీ నవ్వేవాడు. సాయంత్రం అరుగు మీద కూచుని, రంగు అంటని పాత కుంచె ఒకటి పెట్టుకుని, వాటిని ఒకే వైపుకు దువ్వేవాడు. వాటిని వేసుకునేది మాత్రం ఆదివారాలే. గుణదల గుడి బయట చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాలి కదా. అంతకు ముందు నడిమి వరసలో కూచునే మనిషి, గుమ్మం పక్కకు మారాడు. ఫాదర్‌గారు కనిపెట్టి, "ఏం జక్కయ్యా, గాలి కోసమా?" అని అడిగితే, "అవునండీ ఫాదర్" అన్నాడు. పక్కనున్న అమలమ్మకు ఆ క్షణంలో దగ్గు వచ్చింది.

వానలు పట్టాయి. జక్కయ్య బూట్లు పెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేశాడు. ఆగస్టులో అమలమ్మ చెల్లెలు శౌరమ్మ పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది పామర్రు దాటాక కాలువ గట్టు మీదుండే ఒక పల్లె. పెళ్ళి అక్కడి గుడిలోనే. బూట్లకు మళ్ళీ మంచి రోజు వచ్చిందని జక్కయ్య మనసులో ఎంత సంబరపడ్డాడో అతని ఈల వింటేనే తెలిసేది.

పెళ్ళికి ముందురోజు మొగుడు షెడ్డుకు వెళ్ళాక అమలమ్మ బట్టలు సర్దుతూ ఆ పెట్టె తీసింది. ఆ వారమంతా ముసురు. ఇంట్లో తోలన్నది ఉంటే దానికి బూజు పట్టింది. బెల్టుకు పట్టింది, గోడకు తగిలించిన సంచికి పట్టింది. పెట్టె మూత తీస్తే బూట్ల నిండా సన్నటి నూగు. అయ్యో, పెళ్ళికి ఇవి వేసుకుంటానని కదా ఎగురుతున్నాడు అనుకుంది. పొడిగుడ్డతో తుడిచింది, పోలేదు. గట్టిగా రుద్దింది, అయినా పోలేదు. నీళ్ళు తగలనీయవద్దని జక్కయ్య గట్టిగా చెప్పాడు కాబట్టి నీళ్ళ జోలికి పోలేదు. కొబ్బరినూనె తెచ్చింది.

నూనెకు నూగంతా అణిగిపోయింది. ఎడమ బూటు చక్కగా నున్నబడి, నల్లబడి, కొత్త నేరేడుపండులా మెరిసింది. అమలమ్మ ముచ్చటపడి దాన్ని కిటికీలో పెట్టి, కుడి బూటు అందుకుంటూ ఉండగా జక్కయ్య గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. ముసురుకు రంగు ఆరడం లేదని మాణిక్యంగారు అందరినీ ఇళ్ళకు పంపేశారు.

అతను కిటికీ వైపు చూశాడు. ఆమె ఒళ్ళోకి చూశాడు.

"అదేంటే?"

"బూజు పట్టిందయ్యా. ఎంత రుద్దినా పోలేదు. నూనె రాస్తే చూడు ఎట్టా పోయిందో. రెండోది కూడా ఇప్పుడే..."

"అది బూజు కాదే! అదే దాని అందం!"

అమలమ్మ చేతిలోని గుడ్డ కింద పడింది. జక్కయ్య కిటికీలోని బూటు తీసుకుని తవుడు చల్లి చూశాడు. సుద్దపొడి అద్దాడు. పనిసంచిలోంచి ఉప్పు కాగితం తీసి నెమ్మదిగా గీకాడు. ముక్కు దగ్గర రూపాయిబిళ్ళంత మేర నూగు లేచింది గానీ, మిగతాదంతా నూనె తాగేసి హాయిగా ఉంది. ఒక కాలు ఇసుక, ఒక కాలు నేరేడు. రెండూ గుమ్మంలో పక్కపక్కన పెట్టి చూసుకుంటూ కూచున్నాడు.

అమలమ్మ వంటింటి గడప మీద కూచుని కళ్ళొత్తుకుంటోంది.

"నూగుంటుందని నాకొక్క మాట చెప్పొద్దా? ఊళ్ళో అందరికీ చూపించావు. ఇంజనీరెట్టా నిమరమన్నాడో, కొట్లో ఏం చెప్పారో, వీధంతా చెప్పావు. నాకు మాత్రం నీళ్ళు తగలనీకు అన్నావు, అంతే."

నిజమే. ఆ బూట్లు తొడుక్కుని ఎంతమంది ముందు తిరిగాడో! ఇంట్లో మనిషి చేతికి ఒక్కసారైనా ఇచ్చి, వేలితో గీసి చూడమని అనలేదు. ధర అడుగుతుందని భయపడి దాచుకు తిరిగాడు. అరుగు మీద దువ్వుతున్నప్పుడు ఆమె వస్తే మాట మార్చేవాడు. ఇన్నాళ్ళకు అది తల్చుకుంటే సిగ్గేసింది.

కాసేపటికి లేచి వెళ్ళి ఆమె పక్కన కూచున్నాడు. కుడి బూటు ఆమె చేతికిచ్చాడు.

"వేలు పెట్టి ఇట్టా గియ్యి."

గీసింది. రంగు ముదిరింది. వెనక్కి గీసింది. లేతబడింది. ఏడుపు మధ్యలోనే ఆమె మొహం విప్పారింది.

"అబ్బ! బాగుందయ్యా ఇది."

"బాగుందా? సరే, నూనె సీసా ఇటు తే."

"ఎందుకు?"

"ఒక కాలు ఒకటీ, ఒక కాలు ఇంకోటీ వేసుకుని నీ చెల్లెలి పెళ్ళికి రమ్మంటావా?"

వద్దు వద్దని ఆమె సీసా కొంగు కింద దాచింది. అతను లాక్కున్నాడు. లారీ తలుపుకు రంగు పట్టించినంత శ్రద్ధగా, కుంచెతో, అంచుల నుంచి మధ్యకు, చుక్క ఎక్కువా తక్కువా కాకుండా పట్టించాడు. రెండోది మొదటిదానికంటే బాగా కుదిరింది. దాంతో మొదటిదానికి ఇంకో పూత వేశాడు. పని అయ్యేసరికి ఇద్దరికీ ఆకలేసింది.

పామర్రు అవతల బస్సు దిగేసరికి వాన వెలిసింది. అక్కడి నుంచి బండిదారి. నల్లమట్టి బాగా నాని ఉంది. పెళ్ళివారు పంపిన ఎడ్లబండిలో పెళ్ళికూతురు శౌరమ్మను, పెద్దవాళ్ళను ఎక్కించారు. మిగిలినవాళ్ళు చెప్పులు చేతపట్టుకుని దిగారు. నాలుగడుగులు వేశారో లేదో "అబ్బా!" "అమ్మా!" అని ఒక్కొక్కరే కాలు ఎత్తుకోవడం మొదలైంది. చేల గట్లకు కొత్తగా కంప కొట్టి వేశారట. తుమ్మముళ్ళన్నీ బురదలో కలిసి ఉన్నాయి. ఇంతలో బండి చక్రం గాడిలో దిగబడింది. తోసేవాళ్ళు కావాలి. దిగితే ముళ్ళు.

జక్కయ్య ప్యాంటు మామూలుకంటే రెండు మడతలు ఎక్కువ మడిచి బూట్లతోనే బురదలోకి దిగాడు. చక్రానికి భుజం ఆనించి, బండివాడు ఎడ్లను అదిలించగానే, ఉన్న బలమంతా పెట్టి లేపాడు. మూడో ఊపుకు బండి కదిలింది. శౌరమ్మ ముసుగులోంచి, "బావా, నీ బూట్లు!" అని అరిచింది. అతను గట్టెక్కి గడ్డితో ఒక్క తుడుపు తుడిచాడు. నూనె తాగిన తోలు మీద నుంచి బురద పెళ్ళలుగా రాలిపోయింది. అమలమ్మ అక్కణ్ణుంచే అందరికీ వినబడేటట్టు, "కొబ్బరినూనె రాసింది నేనే" అంది.

పెళ్ళి బాగా జరిగింది. భోజనాల వేళ పెళ్ళికొడుకు నాయనమ్మ ఆదెమ్మ జక్కయ్య దగ్గరకు వచ్చి కూచుంది. ఆమె పాదానికి గుడ్డ కట్టు ఉంది.

"నీ కాళ్ళు బండి దగ్గర చూశానబ్బాయ్. నా కాళ్ళంతే ఉన్నాయి. ఆ బూట్లు ఒకసారి ఇటియ్యి."

"ఎందుకు మామ్మగారూ?"

"పొద్దుటినుంచీ నారుమడి చూడలేదు. ముల్లు దిగినకాడినుంచీ ఎవరూ నన్ను గట్టు మీదికి పోనివ్వట్లేదు. ఇట్టా పోయి అట్టా వస్తా."

జక్కయ్య లేసులు కట్టి పెట్టాడు. సరిగ్గా సరిపోయాయి. ఆదెమ్మ పట్టుచీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, నేరేడురంగు బూట్లతో గబగబా కాలువ గట్టు మీదికి వెళ్ళిపోయింది. కొత్త జంటను దీవించడానికి పెద్దావిడ ఏదని పెళ్ళికొడుకు తండ్రి లాజరు ఇల్లంతా వెతుకుతుంటే, జక్కయ్య ఉత్తకాళ్ళతో బంతిలో కూచుని పప్పులోకి రెండోసారి నెయ్యి వేయించుకుంటున్నాడు. ఆమె ఎక్కడికి వెళ్ళిందో అతను చెప్పలేదు. పొద్దు వాలాక ఆమె తిరిగి వచ్చింది, బూట్లు చేత్తో పట్టుకుని, నీళ్ళు కారుస్తూ.

"ఊరికే ఇవ్వడం బాగోదని కాలవలో శుభ్రంగా కడిగి తెచ్చానబ్బాయ్. ఇట్టాంటివి ఉంటాయని ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదేంటి?"

జక్కయ్య వాటిని తలకిందులు చేసి నీళ్ళు వంపాడు. నవ్వు ఆపుకోలేక లాజరు భుజం పట్టుకున్నాడు.

తిరుగు బస్సులో అతను లేసులు రెండూ కలిపి ముడేసి, బూట్లను కిటికీ బయటకు వేలాడదీశాడు. పచ్చటి నాట్ల మీది గాలి వాటిలోకి దూరి, వాటిని అటూ ఇటూ ఊపుతోంది. ఊడిపోతాయేమోనని అమలమ్మ లేసుల ముడి పట్టుకుంది. ఉయ్యూరు దాటేసరికి ఆమెకు నిద్ర పట్టింది. తల మొగుడి భుజం మీద వాలింది గానీ పిడికిలి వదల్లేదు.