పరాయి దేశానికి నేను ఎంపిక చేసిన బౌలరు

ఒక దేశపు జాతీయ క్రికెట్ జట్టుకు ఆటగాళ్లను నేను ఎంపిక చేశాను. ప్రొద్దుటూరులో ఈ మాట చాలామందికి చెప్పాను, కొందరు టీ కూడా తాగించారు. రాసేటప్పుడు మాత్రం కొంచెం తగ్గించుకోక తప్పదు, ఎందుకంటే రాసింది మా ఇంటావిడ చదువుతుంది. ఆటగాళ్లను అన్నాను గానీ ఒక్కణ్ణే. దేశం మనది కాదు, గల్ఫులో చిన్న దేశం. ఇక ఎంపిక చేసింది నేనేనా అంటే, అది మెల్లగా చెబుతాను.

నేను బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఎక్కడ టోర్నమెంటు జరిగినా అంపైరుగా నన్నే పిలిచేవాళ్లు. నా తీర్పు మీద నమ్మకంతో పిలుస్తున్నారని చాలాకాలం చెప్పుకున్నాను. నాకు బస్సు పాసు ఉంది, చార్జీలు ఇచ్చుకోనక్కర్లేదు. అదీ అసలు సంగతి.

ఆ చిన్న దేశంలో పుట్టినవాళ్లు క్రికెట్ ఆడరు. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసుకుంటున్న మనవాళ్లు, మన పొరుగు దేశాలవాళ్లు కలిస్తే వాళ్ల జాతీయ జట్టు. వారమంతా లారీలు తోలి, కరెంటు పనులు చేసి, శుక్రవారం ఆ దేశపు జెండా ఉన్న చొక్కా తొడుక్కుంటారు. పాపం, ఓడిపోతూనే ఉండేవాళ్లు. ఇంకొక్క టోర్నమెంటు అట్లాగే పోతే కింది తరగతి పోటీలకు దిగిపోవలసిందే. ఆ జట్టుకు మేనేజరు మా జిల్లా పెండ్లిమర్రి మనిషి. అక్కడ కార్గో దుకాణం పెట్టుకుని మనవాళ్ల అట్టపెట్టెలు ఇళ్లకు పంపుతుంటాడు.

మా వీధి అబ్బాయి ఒకడు ఆ దేశంలోనే ఏసీలు బాగుచేస్తాడు. స్పిన్ వేస్తాడు. వయసు ముప్పై దాటింది. మా జిల్లాలో అతను బంతి పట్టుకుంటే ఎదుటివాళ్లు బ్యాటింగుకు నువ్వు పో అంటే నువ్వు పో అనుకునేవాళ్లు. అక్కడ మాత్రం సెలెక్షన్‌కు పోయిన ప్రతిసారీ చావుదెబ్బలు తిని వచ్చేవాడు. ఎందుకో అతనికే తెలియదు. సెలవు మీద ఇంటికి వచ్చినవాడు తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"మామా, ఆ పెండ్లిమర్రాయన నీకు తెల్సు గదా. స్పిన్నరు జాగా ఒకటి ఖాళీ ఉందంట. ఈసారి తీసుకోకుంటే ఇంగ నన్నెవురూ పిల్చరు. ఇప్పటికే వయసు సూసి నవ్వుతాండారు."

"శానా బాగా తెల్సు. లింగాల టోర్నమెంట్లో ఆయప్పను రనౌట్ ఇచ్చినా."

"సరిగ్గానే ఇచ్చినావా?"

"ఫోన్ చేద్దాం పా," అన్నాను.

మేనేజరు ఫోనులో నా గొంతు పోల్చుకుని ముందుగా ఆ రనౌట్ గురించే మాట్లాడాడు. అది అయ్యాక, "సరే మామా, వీడియో పంపు, సూస్తా" అన్నాడు.

మా వైపు పిల్లలు ఆట నేర్చుకునేది నాపబండల మీద. బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల దగ్గర మిగిలిపోయినవి తెచ్చి వరసగా పరిస్తే పిచ్ తయారు. జమ్మలమడుగు దగ్గర అట్లాంటి పిచ్ మీదే వీడియో తీశాము. ఆ రోజు బంతులు పాముల్లా లేచాయి. కాళ్ల దగ్గర పడింది భుజం మీదుగా పోతుంది, బయట పడింది వచ్చి వికెట్లు ఎగరగొడుతుంది. ఆడటానికి వచ్చిన ఫ్యాక్టరీ కుర్రవాళ్లు బ్యాటు పక్కన పడేసి నవ్వుతూ కూర్చున్నారు. ఇట్లాంటి బౌలరు మీ దేశం మొత్తం వెతికినా దొరకడని రాసి వీడియో పంపాను.

సాయంత్రానికి మేనేజరు ఫోన్ చేశాడు. ఫోను స్పీకరులో పెట్టాను, ఆ అబ్బాయి నా పక్కనే ఉన్నాడు.

"మామా, బంతి శానా తిరుగుతాంది."

"తిరగదా మరి."

"బండల అతుకుకు తగిలి తిరుగుతాంది. నేను యాడ ఆట నేర్చుకున్న్యానో మర్చిపోయినావా? నేనూ ఆ అతుకుకే ఏసి మా ఊర్లో పెద్ద బౌలరు అనిపించుకున్న్యా. ఈడ సిమెంటు మీద మ్యాట్ పరుస్తారు. మ్యాట్‌కు అతుకు యాడుంటాది?"

నేను మాయ చేయబోయానని మేనేజరు అనుకున్నాడు. అంత తెలివి నాకు లేదు. బండలు పక్కపక్కన పరిస్తే ఒకటి వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. ఆ అంచుకు తగిలిన బంతి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. పుట్టినప్పటి నుంచీ అదే పిచ్ కాబట్టి మాలో ఎవరికీ అది విడ్డూరంగా కనిపించలేదు.

ఇన్నేళ్లూ అక్కడ దెబ్బలు ఎందుకు తింటున్నాడో ఆ అబ్బాయికి అప్పుడే అర్థమైంది.

"అట్లయితే నాకు బౌలింగే రాదా మామా?" అన్నాడు.

మేనేజరు విన్నట్టున్నాడు. పులివెందులలో మ్యాట్ పిచ్ ఉంది కదా, అక్కడి చీనీతోటల ఆసామికి, అంటే బత్తాయి తోటలాయనకు, బౌలింగ్ వేయించమన్నాడు. "నేను వీడియో కాల్‌లో సూస్తా. నువ్వు ఫోను పట్టుకో, అంతే. నీ మాట మాత్రం నాకొద్దు."

ఆ ఆసామి నలభై దాటినా బంతిని మైదానం దాటించే మనిషి. అవుటైతే ఒప్పుకోడనే పేరు కూడా ఉంది. వికెట్లు పడిపోతే గాలికి పడ్డాయంటాడు.

పులివెందుల బస్సులో ఆ అబ్బాయికి గొప్ప ఉపాయం ఒకటి చెప్పానని తర్వాత ఊళ్లో చెప్పుకున్నాను. బస్సులో నేను నిద్రపోయాను.

మొదటి ఓవరు చూడలేకపోయాం. వేసిన బంతి వేసినట్టే పోయి పక్క తోటలో మోటారు షెడ్డు రేకుల మీద పడింది. ఆసామి బ్యాటు మీద ఆనుకుని నిలబడ్డాడు.

"ఏందప్పా, ఈ అబ్బిని ఏసీలే బాగుచేసుకోమను. మా ఇంట్లో ఒకటి చెడిపోయింది, పొయ్యేటప్పుడు సూసి పొమ్మను."

ఫోనులో మేనేజరు పక్కన ఎవరికో అట్టపెట్టె బరువు చెబుతున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ అబ్బాయి మ్యాట్ దగ్గరికి నడిచి, వంగి, అరచేత్తో తడిమి చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"మామా, ఆ అతుకు వేలెడు వెడల్పు కూడా ఉండదు. ఇన్నేండ్లు దానికే తగిలేటట్లు ఏసినా. తిప్పేది రాకపోయినా, అనుకున్న చోట ఏసేది నాకొచ్చినట్లే గదా?"

"వచ్చినట్లే," అన్నాను. ఆ ఆలోచన నాదేనని ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు నమ్ముతున్నారు. వాళ్లు ఇది చదవకపోతే మేలు.

ఇక అక్కణ్ణించి లేని అతుకుకు బంతి వేయడం మొదలుపెట్టాడు. ప్రతి బంతీ అదే చోట. ఒకటి కొంచెం వేగంగా, ఒకటి కొంచెం నిదానంగా. ముందుకు వస్తే అందదు, వెనక్కి తగ్గితే కాళ్ల మీదికి వస్తుంది. ఆసామి నవ్వు ఆగింది. షెడ్డు రేకుల చప్పుడూ ఆగింది. చివరికి విసుగొచ్చి క్రీజు దాటి వచ్చి బ్యాటు ఊపాడు. బంతి నిదానంగా అతన్ని దాటిపోయింది. కీపరు అందుకుని వికెట్లు కొట్టేశాడు.

నాది అంపైరు చెయ్యి. దానంతటదే పైకి లేచింది. ఫోను ఆ చేతిలోనే ఉంది.

"మామా, ఆకాశం సూపిస్తాండావేంది?" అన్నాడు మేనేజరు.

"అవుటబ్బీ. స్టంపింగు."

"నాకు కనపళ్లే. నువ్వు అవుటంటే నేను నమ్మాల్నా?"

అందరం ఆసామి వైపు చూశాం. ఆ అబ్బాయి మాత్రం నేలకేసి చూస్తున్నాడు. ఆసామి పడిపోయిన బేల్సు వైపు చూశాడు, గ్లౌజులు మెల్లగా విప్పాడు, నడిచివచ్చి నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"బాగుండావా అప్పా? నేను అవుటైనా. బంతి యాడ పడేది నాకు ముందే తెలుస్తాండాది, అయినా ఏం చేయలేకపోతి. ఇట్లాంటోన్ని ఇడ్సిపెడితే మీరు ఓడిపోయేది న్యాయమే."

మేనేజరు ముఖం ఫోనులో బాగా దగ్గరికి వచ్చింది.

"అవుటని నీ నోటితో నువ్వే అంటాండావా?"

"అంటాండా. మళ్లీ అడగొద్దు."

"ఆ అబ్బిని పాస్‌పోర్టు కాపీ పంపమను," అన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రం ఆసామి ఇంట్లో ఏసీ బాగైంది. మాకు ఒక గోతాం చీనీకాయలు వచ్చాయి.

టోర్నమెంటులో చివరి మ్యాచ్‌ను ప్రొద్దుటూరులో ఒక టైలరు కొట్టులో, కుట్టు మిషనుకు ఫోను ఆనించి చూశాం. గెలిస్తే ఉంటారు, ఓడితే దిగిపోతారు. ఆఖరి ఓవరు మా వాడికిచ్చారు. ప్రతి బంతీ ఆ చోటే పడింది. అవతలి బ్యాట్స్‌మన్ కొట్టనూ లేక, వదలనూ లేక, ఆఖరి బంతికి క్లీన్ బౌల్డ్. ఆ దేశం గెలిచింది. ప్రొద్దుటూరంతా రోడ్డు మీదికి వచ్చిందని చెప్పాను. వచ్చింది ఆ కొట్టులో పట్టినంతమందే. కానీ అరుపులు మాత్రం ఊరంతటి పెట్టు. టైలరు చేతిలో ఉన్న కొత్త చొక్కాను జెండాలా ఊపాడు, అది ఎవరిదో కూడా చూసుకోలేదు.

మరునాడు ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. వెనక గాలి హోరు.

"యాడుండావురా?"

"మిద్దె మీద ఏసీ పనిలో ఉండా మామా. ఈ పొద్దు నిచ్చెన పట్టుకునేదానికి మనిషినిచ్చినారు. ఇన్నేండ్లలో ఎప్పుడూ ఇయ్యలే."

"ఎవురా మనిషి?"

"మా సూపర్‌వైజరే. శానా గట్టిగా పట్టుకున్న్యాడు."