వదలడం రాని చెయ్యి

అద్దాల దుకాణంలో అతన్ని అందరూ ఉడుం అనే పిలిచేవారు. నిలువెత్తు అద్దాన్నయినా అతను ఒకసారి ఒడిసిపట్టాడంటే మరి జారేది కాదు. అక్క భర్తకూ అతనికీ జోడీ. మెట్లెక్కేటప్పుడు బావ కింద, అతను పైన. పైవాడి పట్టు సడలితే అద్దం తిన్నగా కిందివాడి మెడ మీదికి దిగుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనరు.

ఒకనాటి పొద్దున టీ గ్లాసు అతని కుడిచేతిలోంచి జారింది. గ్లాసు పగల్లేదు. అది మొదలు కుళాయి తిప్పినా, తాళం తీసినా తన వేళ్లకేసే అనుమానంగా చూసుకునేవాడు. డాక్టరు దగ్గరికి వెళితే చేతికి విశ్రాంతి ఇవ్వమంటాడు, బావకు వేరే జోడీ వస్తుంది. అక్కతో అంటే సాయంత్రానికల్లా బావ చెవిన పడుతుంది. చేతి పట్టు తప్పడం నేరమేమీ కాదు. అయితే దాన్ని దాచినవాడు పణంగా పెట్టేది తన ప్రాణం ఒక్కటే కాదు. అది తెలిసే, అతను నోరు కుట్టేసుకున్నాడు.

వ్యాయామ సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్లి చేతి పట్టు పెంచే గ్రిప్పర్లలో అన్నిటికంటే గట్టిది అడిగాడు. రెండు ఇనుప పిడులు, వాటిని కలుపుతూ లావాటి స్ప్రింగు. ముందు తేలికది తీసుకోమని కొట్టువాడు నచ్చజెప్పాడు. ఉడుం అనిపించుకున్నవాడు తేలికది ఎలా పుచ్చుకుంటాడు?

ఇక గ్రిప్పర్ అతని జేబులో కాపురం పెట్టింది. అన్నం ముందు, స్నానం ముందు, బస్సులో, పనికీ పనికీ నడుమ నొక్కడమే. పిడులు దగ్గరపడేవి గానీ తాకేవి కావు. తెల్లారి లేచేసరికి వేళ్లు ముడుచుకుపోయి ఉంటే, ఎడమచేత్తో ఒక్కొక్కటే విప్పుకొని, బలం వస్తున్నదని సంబరపడేవాడు.

"ఏంట్రా, ఆ ఇనప ముక్కతో పెళ్లి కుదిరిందా?" అని అక్క ఎగతాళి చేసింది. నవ్వేసి, ఇంకో పదిసార్లు నొక్కాడు.

క్షౌరశాల వారి పెద్ద అద్దాన్ని మేడమీదికి చేర్చాల్సిన రోజు, వ్యానులో దారిపొడుగునా నొక్కుతూనే ఉన్నాడు. సరిగ్గా గుమ్మం ముందు వ్యాను ఆగేసరికి పిడులు రెండూ టక్కుమని తాకాయి. గ్రిప్పర్‌ను జేబులో వేసుకొని, హుషారుగా వ్యాను దిగాడు.

మెట్ల మలుపులో గోడ అంచు తగిలి అద్దం చిట్లింది.

వాళ్ల పనిలో దీనికి ఒకటే కట్టుబాటు. చిట్లిన చప్పుడు ముందుగా విన్నవాడు "వదులు" అనాలి. ఇద్దరూ తక్షణం వదిలేసి గోడకు అతుక్కోవాలి. అద్దాన్ని కాపాడబోకూడదు.

"వదులు," అన్నాడు బావ. తాను వదిలి గోడకు ఆనుకున్నాడు.

ఉడుం చెయ్యి తెరుచుకోలేదు. వదలమని మనసు మొత్తుకుంటున్నా కుడిచేతి వేళ్లు కొక్కేల్లా బిగుసుకుపోయాయి. వదిలి ఉంటే మెట్ల మీదే కూలవలసిన పై ముక్క, ఆ చేతికి వేలాడుతూ మొన తిప్పుకొని బావ వైపు వాలింది. చొక్కా చేతిని మోచేతి దాకా చీల్చి, చర్మం మీద సన్నని ఎర్రగీత గీసి ఆగింది. బావ ఊపిరి బిగబట్టి, గోడ వెంబడే జరిగి పైకి వచ్చాడు. ముక్కను తొడుగు వేసుకున్న తన చేతితో ఆనించి, ఉడుం వేళ్లను ఒక్కొక్కటే విప్పాడు.

"ఎన్నాళ్లనుంచి?" అని మాత్రం అడిగాడు.

ఉడుం అంతా చెప్పాడు: టీ గ్లాసు, గ్రిప్పర్, భయం. బావ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"పట్టు తగ్గిందంటే నేనే పై కొస పట్టేవాణ్ణి కదరా. చెప్పి ఉంటే నీ నోరు అరిగిపోయేదా?"

డాక్టరుకు చూపించి, చేతికి విశ్రాంతి ఇచ్చి తిరిగి వచ్చాక కూడా బావ అతన్ని అద్దం ముట్టుకోనివ్వలేదు. దుకాణం వెనక పాత చెక్కపలక ఒకటి తెచ్చి, ఒక కొస తాను పట్టుకొని, రెండో కొస అతనికి ఇచ్చాడు. "వదులు" అన్న మాట వినగానే వదలాలి. వదలడం వస్తేనే జోడీ. గ్రిప్పర్ ఎక్కడని బావ అడిగితే, అక్కకు ఇచ్చేశానన్నాడు ఉడుం.

ఉడుం పలకను పట్టుకొని నిలబడ్డాడు. బావ ఇంకా ఆ మాట అనలేదు. అతను మాత్రం తన వేళ్లకేసి చూసుకోకుండా, బావ పెదవులకేసే చూస్తున్నాడు.