ఎడమ పక్క అంకెలు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, నాకు తెలియని వాటికంటే తెలుసనుకున్న వాటితోనే ఎక్కువ ఇబ్బంది పడేదాన్ని. నల్లగొండలో ఒక చిన్న కంపెనీలో ఆంటెనాలు పరీక్షించే పని నాది. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఇంకా ఐదు రోజులుండగానే, మా అమ్మ "మా బిడ్డ నౌకరి పక్కా అయింది" అని వాడకట్టంతా చెప్పేసింది.

పానగల్ దాటాక ఒక బీడు చేలో పరీక్ష. వరుసగా బిగించిన ఎనిమిది ఆంటెనాలను కదపకుండానే సిగ్నల్‌ను కావలసిన దిక్కుకు మళ్లించాలి. అదంతా ఒకవైపే పోదు, పక్కలకు కొంత చిందుతుంది. దాన్నే సైడ్‌లోబ్ అంటారు. మీటరు పట్టుకుని చుట్టూ నడుస్తూ అది ఎంతుందో రాసుకోవాలి. మొదటి రోజు సిగ్నల్‌ను తిన్నగా పంపి రెండు పక్కలా కొలిచాను. రెండో రోజు కుడికి మళ్లించాను. సరిగ్గా ఆ రోజే పక్క రైతు ఎరువు కోసం గొర్రెల మందను ఎడమవైపు ఆపించాడు. కావలికి దూడంత కుక్క. (సరే, దూడలో సగం.) అది గుర్రుమనగానే వెనక్కి తిరిగాను. సిగ్నల్ కుడికి తిరిగాక ఎడమతో పనేముందిలే అని, ముందురోజు ఎడమ అంకెలే ఎక్కించి వచ్చేశాను.

మర్నాడు మా పై అధికారి వచ్చాడు, మేం డెసిబెల్ సారు అనుకునే ఆయన. (సిగ్నల్ బలాన్ని కొలిచేది డెసిబెల్స్‌లో. ఈయన ఇంట్లో కూర కారం కూడా వాటిలోనే చెప్తాడని మా నమ్మకం.) నోటుబుక్ తిరగేసి ఆగాడు.

"ఎడమ దిక్కు నిన్నటివి, మొన్నటివి ఒక్కతీరే ఉన్నయేందమ్మా?"

"గట్లనే వచ్చినయి సార్."

"అయితే నా ముంగట ఒక్కసారి నడువు."

కుక్క కరుస్తుందని ఒక భయం, నౌకరి పోతుందని ఒక భయం. ఏది పెద్దదో తేలకముందే నడుస్తున్నాను. మంద దగ్గర గొంగడి కప్పుకుని కూర్చున్న కాపరి తాత, "ఉరుకకు బిడ్డా, ఉరికితే ఎంబడి వడ్తది. నిమ్మలంగ పో" అన్నాడు. కుక్క వచ్చి నా మడమ వాసన చూసింది. ఊపిరి బిగబట్టి మీటరు చూద్దును కదా, అంకె పెరుగుతోంది! ఆంటెనాల మధ్య ఎడం ఎక్కువైందేమో, సిగ్నల్ కుడికి మళ్లేసరికి ఎడమ చివర దాదాపు అంతే బలమైన సిగ్నల్ ఇంకోటి లేచి కూర్చుంది. నేను రాసినదానికి ఎన్నో రెట్లు.

"ఎంతున్నది?" సారు కేకేశాడు.

తక్కువ చెప్పి బయటపడొచ్చు. కానీ ఏడుపొచ్చేసింది.

"మస్తున్నది సార్. నిన్న నేను ఈడికి రాలే. భయమై మొన్నటివే రాసిన."

సారు దగ్గరికొచ్చాడు. (కుక్కకు పదడుగుల దూరంలో ఆగాడు.) "నౌకరికి ఫికర్ చెయ్యకు. భయమైతే భయమైందని రాయి. చూడని అంకె మాత్రం రాయకు."

ఇప్పుడు పరీక్షలన్నీ నా చేతి కిందే జరుగుతున్నాయి. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి ఒక గడి ఖాళీగా వదిలి, పక్కన "పాము కనబడింది, పోలేదు" అని రాసింది. తిడతానేమోనని నా ముఖం వంకే చూస్తోంది. ఆ మాట కిందే సంతకం పెట్టాను. అప్పటి నాకు ఆపాటి ధైర్యమైనా లేదే అని తలుచుకుంటే నవ్వూ వచ్చింది, కాస్త జాలీ వేసింది.