విమల గొంతు కోసం కోదాడ వెళ్లాను

మా చిన్న చెల్లెలు విమల పోయి ఏడాది దాటింది. నేరేడుచర్లలో ఉంటూ మన పాత వంటల మీద ఒక బ్లాగు నడిపేది. వీడియోలు కూడా పెట్టేది. ఆమె ఉన్నన్నాళ్లూ నేను వాటిని తీరిగ్గా చూసింది లేదు. పోయిన తర్వాత తెరిస్తే, వీడియో ఉండాల్సిన చోటల్లా బూడిదరంగు పెట్టె కనిపించింది. నొక్కితే ఏమీ రాదు. ఇంట్లో ఎవరి దగ్గరా ఆమె మాట రికార్డు లేదు. గొంతు వినాలంటే ఆ పెట్టెలే తెరుచుకోవాలి. కోదాడలో ఒక ఆదివారం బ్లాగర్ల సదస్సు ఉందని, ప్లగిన్లు, వీడియో బ్లాగింగ్ నేర్పుతారని తెలిసి పేరు రాయించుకున్నాను. భోజనంతో కలిపి రెండు వందలు. బ్లాగు పాస్‌వర్డు విమల వంటల నోట్‌బుక్ చివరి పేజీలో దొరికింది.

మిర్యాలగూడలో ఉదయం ఆరున్నరకు కోదాడ బస్సు ఎక్కాను. నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా రెండు గంటలకు పైగా పడుతుంది. ఆడవాళ్లకు టికెట్ ఉచితమే కానీ ఆధార్ కార్డు చేతిలో ఉండాలి. అరువు తెచ్చుకున్న లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నన్ను చూసి కండక్టరమ్మ ఆగింది.

“ఏడికమ్మా?”

“కోదాడకు. బ్లాగర్ల మీటింగ్ ఉన్నది.”

“అదేం సంఘం? లోన్ ఇస్తరా?”

“ఇయ్యరు. రాసుడు నేర్పుతరు.”

“గీ వయసుల రాసుడా! మా అత్తకు జెప్పాలె, టీవీ ముందట్నుంచి లేస్తనే లేదు,” అని జీరో టికెట్ చేతిలో పెట్టి, నవ్వుకుంటూ ముందుకెళ్లింది.

నేరేడుచర్లలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఇదివరకు ఆ స్టాపులో దిగకుండా నేను ముందుకు పోయింది లేదు. రైస్ మిల్లుల ఊక వాసన కిటికీలోంచి వచ్చింది. కళ్లు మూసుకుని రామనామం చెప్పుకున్నాను. బస్సు కదిలాకే తెరిచాను.

కోదాడ బస్టాండు నుంచి ఫంక్షన్ హాలుకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. పదింటికి మొదలైంది. నలభై మంది దాకా వచ్చారు. మేళ్లచెరువు నుంచి వచ్చిన లారీ డ్రైవరు తన క్యాబిన్ వంటల వీడియోలు అందరికీ చూపిస్తున్నాడు. పాఠం చెప్పింది సూర్యాపేటకు చెందిన సుజాత టీచర్.

“ప్లగిన్ అంటే పరేషాన్ గాకుండ్రి. మిక్సీ ఒక్కటే ఉంటది, పనిని బట్టి జార్లు మారుస్తం గదా? బ్లాగుకు ప్లగిన్ గట్లనే.”

టీ విరామంలో నా లాప్‌టాప్ ఆమె ముందు పెట్టాను.

“వీడియో ప్లగిన్ పాతదైందమ్మా. శానా దినాల సంది అప్‌డేట్ చెయ్యలే. ముందుగాల బ్లాగు మొత్తానికి ఒక కాపీ తీసుకుందాం. ఆ తర్వాతనే దీన్ని ముట్టుడు.”

కాపీకి పావుగంట పట్టింది. ఆ పావుగంటా దేవుణ్ని తలచుకుంటూ కూర్చున్నాను. తర్వాత ఆమె ప్లగిన్ అప్‌డేట్ చేయగానే పెట్టె తెరుచుకుంది. సర్వపిండి వీడియో. విమల చేతులు, ఆకుపచ్చ గాజులు. గిన్నె అడుగున పిండి ఒత్తి, వేలితో చిల్లులు పెడుతోంది. వెనక వేణువు సంగీతం వస్తోంది. గొంతు లేదు. రెండోది తెరిచాం. మూడోది. పదకొండు వీడియోల్లోనూ వేణువే.

“అసలు సౌండ్ తీసేసి మ్యూజిక్ పెట్టిందమ్మా. ఒరిజినల్ ఆమె ఫోన్ల ఉంటది. ఆ ఫోన్ ఏది?”

ఫోను లేదు. విమల పోయిన పదకొండో రోజు ఆమె బట్టలు, చెప్పులతో పాటు ఫోను కూడా ఎవరికో ఇచ్చేశాం. పోయినవాళ్లు వాడినవి ఇంట్లో ఉంచకూడదని పట్టుబట్టింది నేనే. లోపలివన్నీ చెరిపించి మరీ ఇప్పించాను. మా ఇంట్లో పెద్దదాని మాట ఎవరూ కాదనరు.

ఇంకొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. తొలి వీడియో పెట్టకముందు విమల నాకు చూపించింది. “నీ గొంతు ఊరోళ్లంత వినాల్నా? చేతులు సూపియ్యి, సాలు,” అన్నాను. “సరే పెద్దక్కా,” అంది. ఆ మాట నేను మరచిపోయాను. ఆమె మరచిపోలేదు.

భోజనంలో టమాటా పప్పు, గోంగూర పచ్చడి. వడ్డిస్తున్న వంటాయన నా ఆకు దగ్గర ఆగాడు.

“ఏందమ్మా, కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది. ఉప్పెక్కువైందా?”

“లేదు బాబూ, బాగుంది.”

“బాగుంటే తినాలి కదండీ! పెరుగన్నా వేయించుకోండి,” అని నేను అడగకుండానే వేసి వెళ్లాడు.

మధ్యాహ్నం వీడియో పాఠం. మూగ వీడియోకు మాట ఎలా జోడించాలో చూపించారు. సుజాత నా పక్కకొచ్చి, “వీడియో కింద చెల్లె రాసింది ఉన్నది గదా. మీరు సదువుండ్రి,” అంది. నా గొంతు ఇంతవరకూ మా వీధి దాటింది లేదు. మైకు పట్టుకున్నాను.

“బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పచ్చిమిర్చి ముద్ద, కరివేపాకు. మరీ గట్టిగా కలపొద్దు. మా పెద్దక్క వస్తే మాత్రం కారం సగమే వేస్తాను...”

తర్వాతి వాక్యం కనపడలేదు. తెర మీద విమల వేళ్లు చిల్లులు పెడుతూనే ఉన్నాయి.

“ఆపాల్నా అమ్మా?” అంది సుజాత, మెల్లగా.

“వద్దు. ఉండనీ.”

ఐదింటి బస్సుకు తిరిగి బయలుదేరి ఎనిమిదిలోపు ఇల్లు చేరాను. సూర్యాపేట వాళ్లకైతే కోదాడ హైవే మీద గంట దారి.

నేను వెతుక్కుంటూ వెళ్లింది దొరకలేదు. దొరక్కుండా చేసింది నేనేనని తెలుసుకుని వచ్చాను. దేవుడి ముందు కూర్చుంటే ఇప్పుడు అడగడానికేమీ తోచదు, ఊరికే కూర్చుంటున్నాను. సర్వపిండి వీడియోను నా గొంతుతో బ్లాగులో పెట్టాను. మధ్యలో మాట ఆగిన చోటు కత్తిరించలేదు. మిగతా పది ఒక్కొక్కటే చదువుతాను.

ఇలాంటి సదస్సుకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. వీడియోకు సంగీతం కలిపే ముందు, మీరు మాట్లాడిన అసలు రికార్డింగును ఫోనులో కాక ఇంకోచోట దాచి, అది ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పండి.